మండ్రగబ్బయు, మూడు షిఫ్టుల యిల్లును

పొద్దెక్కువరకు పండుకొన్న యింట లక్ష్మి నిలువదని మన పెద్దలందురు. సేద్యమును పాడియు జీవనాధారములై, సూర్యునితో లేచి సూర్యునితో పండుకొన్న దినములలో పుట్టిన మాట యది. ఆ దినములకు అది తగినదే. కాని గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి వంటి యూళ్లలో పగలు పది గంటలకు తలుపు వేసియున్న యిండ్లు ప్రతి వీధిలోను కనబడును. ఆ తలుపు వెనుక నిద్రించువాడు సోమరి కాడు. రాత్రియంతయు బొగ్గుబాయిలో పనిచేసి, తెల్లవారిన పిమ్మట ఇల్లు చేరినవాడు. రామగుండమున 1983వ సంవత్సరమునుండి విద్యుత్తును పుట్టించుచున్న ఎన్.టి.పి.సి. కేంద్రమునకు రాత్రి యనునది లేదు. సిరిసిల్ల మరమగ్గములకును రాత్రి పని యున్నది. 2016లో జిల్లాలు విడివడి పేర్లు మారినవి గాని, పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో అనేక కుటుంబములు నేటికిని సూర్యునిబట్టి గాక షిఫ్టునుబట్టి జీవించుచున్నవి.

ఇట్టి యిండ్లలో ఒక తగవు తరచుగా వినబడును. "రాత్రి పనిచేసిన నేమి, పగలు ఎనిమిది గంటలు పండుకొన్నాడు గదా, ఇంకను ఆ చిరాకేల? ఆ యాకలి లేకుండుట యేల?" అని యొకరందురు. కోడలు మధ్యాహ్నము కునుకు తీసినచో "దీని కేమి రాత్రి షిఫ్టు?" అని మరియొకరందురు. రాత్రి నిద్రయు పగటి నిద్రయు తూకములో సమానమేనా? గంటలు లెక్కకు సరిపోయినచో దేహమునకును సరిపోవునా? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చాలకాలము శ్రమించి సమాధానము కనుగొనిరి. ఆ శ్రమలో కొంత మన తెలుగునాటనే, తిరుపతిలో, ఒక మండ్రగబ్బ వెన్నంటి జరిగినదని తెలిసినవారు తక్కువ. ఈ మాసము ఆ సంగతి చెప్పదలచితిమి.

మొదట మన పెరటిలోని సాక్షిని పిలుతము. చింతచెట్టు ఆకు పొద్దుగూకగనే ముడుచుకొనును, తెల్లవారగనే విచ్చుకొనును. ఎండ పోవుటచేత ముడుచుకొనుచున్నదని మనమందరము అనుకొందుము. 1729లో ద మైరాన్ అను ఫ్రెంచి పండితునకు ఇట్లే ముడుచుకొను అత్తిపత్తివంటి మొక్కను చూచి సందేహము కలిగెను. ఆ మొక్కను ఎండ సోకని చీకటిలో ఉంచి చూచిరి. వెలుగు లేకున్నను, బయట పగలైన వేళకు ఆకులు విచ్చుకొనెను, రాత్రియైన వేళకు ముడుచుకొనెను. అనగా మొక్క సూర్యుని చూచి కాలమును తెలిసికొనుటయే గాక, కాలమును తనలో మోయుచున్నదన్నమాట. ఇట్లు ఇంచుమించు ఒక అహోరాత్రముపాటు సాగి మరల మొదలగు లయకు 1959లో హాల్‌బెర్గ్ అను శాస్త్రజ్ఞుడు "సర్కేడియన్" అని పేరు పెట్టెను. మనము దానిని అహోరాత్రలయ యందము.

ఇక కందుల పంపాపతిరావుగారి విషయము. వీరు జంతుశాస్త్రజ్ఞులు. 1950ల తొలినాళ్లలో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమందు పరిశోధన చేసిరి. అక్కడ నాడీమండల శాస్త్రమున ప్రసిద్ధుడైన థియొడోర్ బులక్ అను ఆచార్యునితో కలిసి, శీతలరక్త జంతువుల జీవక్రియలపై వాతావరణపు వేడిమి ఎట్లు పనిచేయునో తెలుపు వ్యాసమును 1954లో ప్రకటించిరి. అదే సంవత్సరము తాము స్వయముగా వ్రాసిన మరియొక వ్యాసము మన విషయమునకు మూలము. అది సముద్రపు ఆలిచిప్పను గూర్చినది.

సముద్రపు ఒడ్డున రాళ్ల నంటిపెట్టుకొనియుండు మస్సెల్ అను ఆలిచిప్ప నీటిని లోనికి పీల్చి, అందలి ఆహారమును వడగట్టుకొని, మరల బయటికి విడుచును. సముద్రమునకు ఆటుపోటులున్నవి గదా; ఈ ప్రాణి నీటిని తోడు వేగము ఆ ఆటుపోటుల ననుసరించి హెచ్చుచు తగ్గుచుండును. దానిని తెచ్చి, అలలు లేని, పోటు లేని ప్రయోగశాల తొట్టిలో ఉంచిన పిమ్మటగూడ ఆ హెచ్చుతగ్గులు ఆగలేదని రావుగారు గమనించిరి. సముద్రము ఎదుట లేకున్నను సముద్రపు కాలము లోపల నడచుచునే యుండెను. మరియొక విశేషమేమనగా, ఒక తీరపు ప్రాణిని వేరొక తీరమునకు మార్చినప్పుడు ఆ లయ మార్పునకు లొంగునని వారు చూపిరి. లోపలి గడియారము తనంతట తాను నడచును. కాని కొత్త తీరమునందు నిలిచినచో ఆ తీరపు వేళను నేర్చుకొనగలదు. ఈ రెండు మాటలను చదువరులు కొంగున ముడివేసికొని యుంచుకొనవలెను. బొగ్గుబాయి యిండ్ల కథ యంతయు ఈ రెండింటిలోనే యున్నది.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో స్థాపింపబడినది. రావుగారు అచ్చటి జంతుశాస్త్ర శాఖలో పనిచేసిరి. సముద్రము దూరము; ఆలిచిప్పలు లేవు. కాని అక్కడి రాళ్లక్రింద మండ్రగబ్బకు కొదువ లేదు. ఈ నల్లని పెద్ద తేలు పగలంతయు కదలక పడియుండి, మునిమాపువేళ మేలుకొని ఆహారమునకు బయలుదేరును. మనము చూచిన వెంటనే చెప్పు చేతబట్టుకొను ఈ ప్రాణిని వారు గురువును జేసికొనిరి. ప్రశ్న యిది: తేలునకు పొద్దుగూకినదని చెప్పున దేది? దాని నాడీమండలమా, లేక దేహమంతట పారు రక్తమా?

తేలునకు పొట్టవైపున తల మొదలు తోకవరకు సాగు నాడీదండము కలదు. నాడులలో నడచు స్వల్పమైన విద్యుత్తును కొలిచి, అవి ఎప్పుడు చురుకుగా నున్నవో ఎప్పుడు మందముగా నున్నవో తెలిసికొనవచ్చును. 1967లో పంపాపతిరావుగారును, టి. గోపాలకృష్ణారెడ్డిగారును ఇంగ్లండులో వెలువడు "నేచర్" పత్రికయందు ఒక వ్యాసము ప్రకటించిరి. ఈ దినచర్యాలయలో రక్తముద్వారా ప్రసరించు పదార్థములకును పాత్ర యున్నదని ఆ వ్యాసము వాదము. అనగా వేళయైనదను వార్త నాడులలో మాత్రమే దాగియుండక, రక్తముతోగూడ దేహమంతట ప్రయాణము చేయునన్నమాట. ప్రపంచమందలి శాస్త్రజ్ఞులు చదువు పత్రికలో తిరుపతి తేలునకు చోటు దొరకెను.

ఈ బాటలో మరికొందరు నడచిరి. నాడుల మధ్య సందేశము ముగిసిన వెంటనే దానిని తుడిచివేయు ఒక రసాయన ద్రవ్యము కలదు. దాని పేరు కోలినెస్టరేజు. తేలు నాడీదండములో ఆ ద్రవ్యపు పని వేళనుబట్టి హెచ్చుతగ్గులగునని వెంకటాచారి, మురళీకృష్ణదాస్ గార్లు 1968లో తెలిపిరి. చెంగల్ రాజు, బాషామొహిద్దీన్, నరసింహం గార్లు 1973లో అదే తేలు రక్తమందలి చక్కెరయు, కాలేయమున నిలువయుంచిన శక్తియు గూడ అహోరాత్రలయ ననుసరించునని చూపిరి. ఒక్క నడకయే గాదు. నాడి, రక్తము, చక్కెర, కాలేయము అన్నియు వేళను పాటించుచున్నవి. ఒక గ్రామమున గుడిగంట మ్రోగగనే ఎవరి పనిలోనికి వారు దిగినట్లు, ఒక్క దేహమున ఇన్ని అవయవములు వేళ యెరిగి పనిచేయుచున్నవి.

తేలు సంగతి మన కెందులకని అడుగవచ్చును. తేలునకున్నదే మనకును ఉన్నది గనుక. 1971లో అమెరికాలో కోనోప్కా, బెంజర్ అను నిరువురు పండితులు పండ్లపై వ్రాలు చిన్న యీగలలో దినలయను తారుమారు చేయు జన్యువును గుర్తించిరి. ఆ జన్యువు పనిచేయు తీరును విప్పిచెప్పిన హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమానము లభించెను. కణములో ఒక మాంసకృత్తు తయారై, రాత్రియగుకొలది పేరుకొని, తన తయారీని తానే ఆపుకొని, పిమ్మట క్రమముగా నశించును. నశింపగనే తయారీ మరల మొదలగును. ఒక్క చుట్టునకు ఇంచుమించు ఒక దినము పట్టును. మన మేనిలోని కణములందును ఇట్టి యంత్రమే నడచుచున్నది.

ఇన్ని గడియారములను ఒక్క త్రాటిపై నడుపు పెద్ద గడియారము మెదడులో నున్నదని 1972లో తేలినది. రెండు కన్నులనుండి వచ్చు నాడులు ఒకదానినొకటి దాటు చోటికి సరిగా పైన, ఇంచుమించు ఇరువదివేల నాడీకణములు గల రెండు చిన్న గుంపులు కలవు. కంటిలోనికి వచ్చు వెలుగునుబట్టి అవి తమ వేళను దిద్దుకొనును. మానవుని లోపలి గడియారము సగటున ఇరువదినాలుగు గంటలకన్న కొన్ని నిమిషములు ఎక్కువ తీసికొనును గనుక, ప్రతిదినమును ఉదయపు వెలుగు దానిని సరిచేయవలెను. వెలుగును ఏమాత్రమును గ్రహింపలేని అంధులలో కొందరికి నిద్రవేళ దినదినమును కొంచెము కొంచెముగా జరిగిపోవుట ఇందుకు నిదర్శనము. కాలేయము మొదలగువాని చిన్న గడియారములు మాత్రము వెలుగుకన్న భోజనవేళను ఎక్కువగా లక్ష్యపెట్టును. రక్తమునకును ఇందులో పాలున్నది: 2011లో కేంబ్రిడ్జిలో ఓనీల్, అఖిలేశ్ రెడ్డి అను పండితులు, జన్యువులను మోయు కేంద్రకమే లేని మన యెర్ర రక్తకణములలోగూడ అహోరాత్రలయ యున్నదని "నేచర్" పత్రికలోనే ప్రకటించిరి.

ఇప్పుడు కొంగుముడి విప్పి చూతము. ఆలిచిప్ప కొత్త తీరమునందు నిలిచినచో కొత్త వేళను నేర్చును. దూరదేశమునకు విమానమున పోయినవారును కొన్ని దినములలో అచ్చటి రాత్రికి అలవాటుపడుదురు. అచ్చటి సూర్యుడు, అచ్చటి భోజనము, అచ్చటి ఇరుగుపొరుగు అన్నియు ఒకే మాట చెప్పును గనుక. రాత్రి షిఫ్టువాని సంగతి అట్టిది కాదు. వాని పని యొక తీరము, వాని సూర్యుడు మరియొక తీరము. పని ముగించుకొని వచ్చునప్పుడు ఉదయపు ఎండ కంటబడి, "పగలైనది, మేలుకొనుము" అని మెదడునకు చెప్పును. వాడు పండుకొనును గాని దేహము లేచు ప్రయత్నములో నుండును. కావుననే పగటి నిద్ర రాత్రి నిద్రకన్న కురుచగను పలుచగను ఉండును. షిఫ్టు మాటిమాటికి మారుచుండినచో, గడియారము ఒక తీరమును నేర్వబోవులోగా మరియొక తీరమునకు ఈడ్వబడుచుండును.

దీని ఫలము చిరాకుతో పోవునది కాదు. తెల్లవారుటకు ముందు ఝామున దేహపు వేడిమి మిక్కిలి తగ్గి, కునుకు ముంచుకొనివచ్చును. యంత్రములవద్దను, బండి నడుపునప్పుడును ప్రమాదమునకు అదియే గడ్డువేళ. అర్ధరాత్రి తిన్న అన్నమును పగటివలె దేహము ఉపయోగించుకొనలేదు గనుక, ఏండ్ల తరబడి రాత్రి పనిచేయువారిలో మధుమేహము, హృద్రోగము కొంత హెచ్చుగా కనబడుచున్నవి. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టు పనిని కాన్సరునకు బహుశః కారణము కాగల వాని వర్గమున 2007లో చేర్చి, 2019లో మరల పరిశీలించి అక్కడనే యుంచినది. ఇది చెప్పి భయపెట్టుట మా యుద్దేశము కాదు. బాయి పని మానుమని చెప్పుటకు మేమెవరము? ఆ పనియే పిల్లల చదువులను, బిడ్డ పెండ్లిని గట్టెక్కించుచున్నది. పని మానలేనప్పుడు ఇంటివారు చేయదగినది ఏమని మాత్రమే మా విచారము.

మొదటిది చీకటి. రాత్రి పనిచేసివచ్చినవాడు పండుకొను గది పగలు చీకటిగా, చల్లగా, నిశ్శబ్దముగా నుండవలెను. ఖరీదైన తెరలు అక్కరలేదు. కిటికీకి నల్లని దళసరి దుప్పటి కట్టినను చాలును. ఇంటికి వచ్చిన తరువాత ఎండలో కూర్చుండి కబుర్లు చెప్పక త్వరగా పండుకొనుట మేలు. సెల్‌ఫోను వెలుగు గూడ మెదడునకు పగటి వార్తయే. దానిని దిండు క్రింద గాక గది వెలుపల నుంచవలెను.

రెండవది భోజనము. పెద్ద భోజనము పనికి పోవుటకు ముందే ముగించుట మంచిది. క్యారేజిలో అర్ధరాత్రికి తేలికైనది పెట్టవలెను: ఒక జొన్నరొట్టె, కొంచెము పప్పు, మజ్జిగ. నూనెలో వేగినవి, నిండు కంచపు అన్నము ఆ వేళకు తగవు. చాయ షిఫ్టు మొదటి సగములోనే త్రాగవలెను. చివరి గంటలలో త్రాగిన చాయ ఉదయపు నిద్రను చెరచును. మధుమేహమునకో రక్తపుపోటునకో మందులు వాడువారు షిఫ్టు మారినప్పుడు మందు వేళను తామే మార్చుకొనక వైద్యుని అడిగి తెలిసికొనవలెను. డాక్టరుగారు "రాత్రి భోజనము తరువాత" అని వ్రాసినచో, ఆ యింటిలో రాత్రి భోజనము ఎప్పుడో ఆయనకు తెలియదు గదా.

మూడవది రాత్రి పనికి పోవుటకు ముందు చిన్న కునుకు. సాయంకాలము గంటసేపు కన్ను మూసిపోయినవాడు తెల్లవారుజామున తూలడు. ఆ గంటలో బజారు పని చెప్పకుండుట భార్య చేయగల ఉపకారము.

ఇంతవరకు యజమాని మాట. ఇక యెవరును అడుగని మాట. ఆ యింటి యిల్లాలి గడియార మెట్లున్నది? మొదటి షిఫ్టు వారమున ఆమె కోడికూతకు ముందు లేచి క్యారేజి కట్టును. రెండవ షిఫ్టు వారమున రాత్రి చాల ప్రొద్దుపోయినదాక అన్నము వేడిగానుంచి తలుపు చప్పుడునకు చెవియొగ్గి కూర్చుండును. రాత్రి షిఫ్టు వారమున ఉదయము పిల్లలను బడికి పంపి, పగలంతయు ఇంటిలో చప్పుడు కాకుండ కావలి కాయును. షిఫ్టు వాడొకటి చేసినచో ఆమె మూడును చేయును. వానికి మస్టరున్నది, ఆమె పేరు ఏ మస్టరులోను లేదు. ఇంటివాడు గల్ఫు దేశమున నున్నచో, అక్కడ పని ముగిసి భోజనమైన పిమ్మట వచ్చు ఫోనుకొరకు ఇక్కడ మరి గంటన్నరయో రెండున్నర గంటలో ప్రొద్దుపోవువరకు మేలుకొను తల్లులు జగిత్యాల పల్లెలలో నెందరో. రేయి రెండుమార్లు విరిగిన నిద్ర కలిపి ఏడుగంటలైనను ఏడుగంటల నిద్ర కాదని తిరుపతి తేలు మొదలుకొని కేంబ్రిడ్జి రక్తకణముదాక ఘోషించుచున్నవి.

కావున సోదరీమణులారా, ఈ వ్రతమొకటి పట్టుడు. ఏ షిఫ్టు వారమైనను సరే, రాత్రిలో నాలుగుగంటలు, మాటకు పదకొండు మొదలు మూడువరకు, మీవిగా నిలుపుకొనుడు. ప్రతిదినము ఒకే వేళకు వచ్చు ఆ నాలుగుగంటల నిద్ర గడియారమునకు గుంజవంటిది; మిగిలిన గంటలు అటునిటు జరిగినను అది పట్టియుంచును. రెండవ షిఫ్టునుండి వచ్చువాడు తాళపుచెవి తనవద్ద నుంచుకొని, మూతబెట్టిన గిన్నెలోని అన్నము తానే వడ్డించుకొనుట అవమానము కాదు. మొదటి షిఫ్టునకు కావలసిన కూర రాత్రియే తరిగియుంచుట సోమరితనము కాదు. మధ్యాహ్నము అరగంట కునుకు దోషము కాదు. ఉదయమున ఒక పావుగంట వాకిట వెలుగులో నిలుచుటయు మరువకుడు; ముగ్గు పెట్టు ఆచారము ఆ మేలును మనకు ఊరకయే ఇచ్చినది.

అత్తగారలకు ఒక్క మనవి. పగలు మూసిన తలుపును చూచి లక్ష్మి పోవునని భయపడకుడు. ఆ తలుపు వెనుక దేహమొకటి తప్పిన వేళను దిద్దుకొనుచున్నది. కోడలు కునికినచో ఆ కునుకునకును దుప్పటి కప్పుడు. రాతిక్రింది మండ్రగబ్బకు సయితము తన వేళకు తాను విశ్రమించు హక్కు సృష్టి ఇచ్చియుండగా, ఇంటికి దీపమైన యిల్లాలికి ఆ పాటి హక్కు మనము ఈయలేమా?